అరవై దాటితే వణికే కారులో ఆళ్లగడ్డకు

నంద్యాలలో బస్సెక్కి, కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషించి, ఒక కునుకు తీసే లోపలే ఆళ్లగడ్డ వస్తుంది. అదే దారికి నేను పోయిరావడానికి రెండు రోజులు పట్టింది. వచ్చినప్పటి నుంచి ఎవరు కనిపించినా ఆ ప్రయాణం గురించే చెప్తున్నాను. కాశీ పోయొచ్చినవాళ్లు కూడా ఇంత చెప్పరని మా తమ్ముడు రమణ ఎగతాళి చేస్తున్నాడు. కాశీ పోయినవాళ్లకు స్టీరింగు వణకలేదు కదా!

మాది అంగళ్ల కుటుంబం. తాతది కిరాణా అంగడి, నాయనదీ అదే, ఇప్పుడు రమణ దాంట్లో కూర్చుంటున్నాడు. నేను పక్క వీధిలో స్టీలు సామాన్లు అమ్ముతాను. పుట్టగానే ఏడవకుండా మంత్రసాని వైపు చూసి "ఎంతకిస్తావు?" అని అడిగానని నాయన అందరికీ చెప్పేవాడు. నాకొక తెల్లకారు ఉంది. ఇరవై ఏళ్లు దాటింది. కొన్ననాడు అమ్మినవాడి చేత కన్నీళ్లు పెట్టించి కొన్నాను కాబట్టి, దానిమీద నాకు ప్రేమ ఎక్కువ.

రెండు నెలలుగా ఆ కారుకు రెండు జబ్బులు. ఒకటి, ఎడమకు లాగుతుంది. రెండోది, స్పీడు ముల్లు అరవై దాటగానే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. మా ఆవిడ పద్మ మల్లెపూలు కొని, దారిలో కారులోనే మాల కట్టుకునే మనిషి. ఈ వణుకులో దారం ముడి పడదు, మొగ్గలన్నీ కాళ్ల కిందికి జారిపోతాయి. ఒకరోజు ఖాళీ దారం నా చేతిలో పెట్టి తేల్చేసింది.

"ఏమయ్యా, ఇది కారా, మసాలా మిక్సీనా? అమ్మిపారెయ్."

కొనేవాడు తయారుగానే ఉన్నాడు. ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కించే వీరాచారి. మా అంగడికి సామాన్లకు వచ్చినప్పుడల్లా కారు చుట్టూ ప్రదక్షిణం చేసి పోతాడు. కొంత దుడ్లు, పైన ఒక రాతి రోలు ఇస్తానన్నాడు. పద్మ, నేను ఒక ఒప్పందానికి వచ్చాం. ఆళ్లగడ్డలో బేరం ముగిసేలోపల ఆ వణుకు ఎక్కడి నుంచి వస్తోందో నేను కనుక్కుంటే కారు మాది. కనుక్కోలేకపోతే ఆచారిది, మేము రోలు ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగి రావాలి.

నంద్యాల: ఇంటి ముందర వైద్యం

బయలుదేరే ముందు ఇంటి ముందే పరీక్ష మొదలుపెట్టాను. మొదట గాలి. నాలుగు టైర్లలో చూస్తే ముందర ఎడమదాంట్లో బాగా తక్కువ. నింపి, వీధి చివరిదాకా పోయి, స్టీరింగు మీద చేతులు ఊరికే ఆనించి చూశాను. బండి నేరుగా పోయింది! ఒక జబ్బు గాలితోనే నయమైంది. ఆ ఉత్సాహంలో ఇంటి ముందు హారను కూడా కొట్టాను.

తర్వాత జాకీ. ముందు చక్రం లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పట్టి ఊపాను. మళ్లీ అటూ ఇటూ పట్టి ఊపాను. లోపల బేరింగులో, కడ్డీల కీళ్లలో వదులుంటే లటకలటకమంటుంది. టెంకాయ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని ఊపినంత శ్రద్ధగా విన్నాను. ఏ చప్పుడూ లేదు. చక్రం దించాక పద్మను బయట నిలబెట్టి, స్టీరింగు వేలెడంత తిప్పాను.

"చక్రం కదిలిందా?"

"కదిలింది."

"వెంటనేనా, ఆలోచించుకుని కదిలిందా?"

"నీ మాదిరి కాదులే. వెంటనే కదిలింది."

అంటే స్టీరింగులోనూ వదులు లేదు. చక్రాలు చూసి నాకు గర్వం కూడా కలిగింది. రెండు నెలల కిందట బస్టాండు వెనక ఒక పెయింటరుతో వాటికి వెండి రంగు వేయించాను. అతను చెప్పిన రేటును సగానికి దించాను. స్టెపినీ డిక్కీలో ఉంటుంది, ఎవరికీ కనపడదు కాబట్టి దానికి వద్దని నాలుగింటికే ఇచ్చాను. రంగుకు ముందు గీకినప్పుడు ఊడిన తుక్కు ముక్కల్ని కూడా పొట్లం కట్టించి తెచ్చుకున్నాను. నా బండిది రవ్వంత కూడా ఊరికే ఒకరికి వదలడం నా ఒంట్లో లేదు.

శిరివెళ్ల: ఉగ్గాని, నల్లమట్టి

ఊరు దాటాక ఎడమ పక్కన నల్లమల నీలంగా మొదలవుతుంది. కుడి పక్కన వరి, మధ్యలో పసుపు మళ్లు. ఈ దారిలో ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు, కానీ ఆ రోజు నేను చూసింది స్పీడు ముల్లునే. యాభై, నిమ్మళం. యాభై ఐదు, నిమ్మళం. అరవై దాటింది, వచ్చింది జ్వరం! పద్మ ఒడిలో మొగ్గలు గెంతడం మొదలుపెట్టాయి.

భయం కాదు, నాకు సంబరం కలిగింది. రోగం కళ్ల ముందే ఉంది కదా, పరీక్షించొచ్చు. గేరు తీసి బండిని దొర్లనిచ్చాను. వణుకు తగ్గలేదు. అంటే తప్పు ఇంజనుది కాదు. బ్రేకు మెల్లగా తొక్కాను. వణుకు పెరగలేదు. అంటే బ్రేకుదీ కాదు. స్టీరింగు వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు అని తెలిసినవాళ్లు చెప్తారు.

"పద్మా, నీ సీటు వణుకుతాందా?"

"సీటా? నా పండ్లు కూడా వణుకుతాండాయి."

ముందరా ఉంది, వెనకా ఉంది. నాలుగు చక్రాలకూ ఒకేసారి జబ్బు రావడమేమిటి? కలరా కాదు కదా! అది కుదరదని ఆ ఆలోచనను తీసి పక్కన పెట్టాను. తర్వాత తెలిసింది, పక్కన పెట్టింది అసలు సరుకునే అని.

శిరివెళ్లలో ఉగ్గానికి ఆగాం. తెలియనివాళ్ల కోసం చెప్తాను. బొరుగులు నీళ్లలో నానబెట్టి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పుట్నాల పొడితో తాళింపు వేస్తారు. పక్కన నిలువుగా చీల్చిన మిరపకాయ బజ్జీ. నంద్యాలలో బజ్జీకి వేరే దుడ్లు తీసుకుంటారు. ఇక్కడ ప్లేటుకు రెండు బజ్జీలు ఊరికే పెట్టి ముప్పై అన్నారు. మూడో బజ్జీ కోసం బేరమాడాను. అంగడి అక్క నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"కారులో వచ్చి బజ్జీకి బేరమాడతాండావేందన్నా?"

"కారు ఎట్ల వచ్చిందనుకున్నావక్కా? ఇట్ల బజ్జీ బజ్జీ మిగిలిస్తేనే వచ్చింది."

నవ్వి ఒకటి కాదు, రెండు వేసింది. తింటూ వంగి చక్రం లోపలికి తొంగి చూస్తే, అంచు వెనకాల నల్లరేగడి మట్టి ఎండి గట్టిగా అంటుకుని ఉంది. ఆ మధ్య శనగ చేలో దిగబడిన గుర్తు. ఒక పక్క మట్టి బరువుంటే చక్రం వణకదా? దొరికిందిరా దొంగ! సగం తిన్న ప్లేటు పద్మ చేతికిచ్చి, స్క్రూడ్రైవరుతో నాలుగు చక్రాల లోపలా గీకాను.

"ఏందన్నా, చక్రాలకు గోర్లు తీస్తాండావా?" అంది అక్క.

గోర్లు తీశాక అరవై దాటించాను. వణుకు తగ్గిన మాట నిజమే, కానీ పోలేదు. పద్మ నా మొహం చూసి, మొగ్గలన్నీ మళ్లీ కవరులో పోసి మూతి ముడేసింది.

బత్తలూరు దగ్గర: పంక్చరైనందుకు పండగ

బత్తలూరు దాటుతుంటే ముందు కుడి టైరు పంక్చరైంది. మామూలుగా అయితే మేకును, మేకు పారేసినవాణ్ణీ, రోడ్డు వేసినవాణ్ణీ వరసగా తిట్టుకునేవాణ్ణి. ఆ రోజు వణుకు ధ్యాసలో తిట్లు మర్చిపోయి, ఎండలో చెమటోడ్చుకుంటూ స్టెపినీ మార్చాను. రంగు లేని పాత చక్రం, మూడు వెండి చక్రాల మధ్య పెళ్లిలో మాసిన పంచెతో వచ్చిన చుట్టం మాదిరి ఉంది.

అరవై. అరవై ఐదు. స్టీరింగు నిలబడిపోయింది! వేళ్లకు చిన్న జలదరింపు ఉంది గానీ ఆ చలిజ్వరం లేదు. కేక పెట్టాను. పద్మ ఉలిక్కిపడింది.

"దొరికింది పద్మా! ఆ పంక్చరు టైరుదే అంతా!"

"మట్టిని పట్టుకున్నప్పుడు కూడా ఇట్లనే అరిచినావు."

"చూడు, స్టీరింగు చూడు!"

"నా సీటు ఇంగా వణుకుతాంది" అంది. ఆ మాట వినలేదు. గెలిచిన బేరంలో చిన్న చిల్లర పట్టించుకోకూడదని మా తాత నుంచి వచ్చిన అలవాటు.

ఆళ్లగడ్డ: రాళ్ల మోత

ఆళ్లగడ్డ వచ్చిందని బోర్డు చూసి తెలుసుకోనక్కర లేదు, చెవులే చెప్తాయి. రోడ్డు పక్క షెడ్లలో ఉలి మీద సుత్తి, టంగు టంగుమని. నల్లరాతి నందులు, సగం చెక్కిన గరుత్మంతుడు, ముక్కు దాకా బయటికొచ్చి తక్కిందంతా ఇంకా బండలోనే ఉన్న ఒక అమ్మవారు. రాతిపొడి మనుషుల మీద, చెట్ల మీద, టీ గ్లాసుల మీద. మా ఊళ్లో సరుకు మెరిస్తేనే అమ్ముడుపోతుంది. ఇక్కడ సరుకంతా దుమ్ము కప్పుకుని కూర్చుని ఉంది, దేశమంతటి నుంచీ వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోతున్నారు. ఇంకో తేడా వీరాచారే చెప్పాడు.

"దేవుడి బొమ్మకు ఈడ బేరం లేదు సెట్టీ. చెప్పిందే మాట. రోలుకు, పొత్రానికి అయితే నీ ఇష్టం, సాయంత్రం దాకా ఆడుకో."

ఆచారి పొట్టిగా, గట్టిగా ఉంటాడు, మీసాల మీద కూడా రాతిపొడి. కారు చూసి సాయంత్రం నడిపి చూస్తానన్నాడు. వణుకు పోయింది కాబట్టి అమ్మేది లేదని అప్పుడే చెప్పేయాల్సింది. కానీ ధర ఎంతదాకా పాకుతుందో విందామని నా నాలుక దురద. పద్మ కూడా "ముందర వణుకు నిజంగా పోయిందో లేదో ఆయన్నే చెప్పనీ" అంది.

ఇక్కడే అంగడి బుద్ధి నా కొంప ముంచింది. సరుకు చూపించే తీరులోనే సగం బేరం ఉంటుంది. మూడు వెండి చక్రాలు, ఒక మాసిన చక్రం ఉంటే ఎవడు చూస్తాడు? టైరు చెడ్డదనుకున్నాను గానీ చక్రం మెరుస్తోంది కదా! పంక్చరు అంగడికి పోయి అతికించి, టైరు చుట్టూ తడిమి చూశాను. ఎక్కడా ఉబ్బు లేదు, వంకర లేదు. అయితే వణుకు ఆ మేకుదే అయ్యుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకుని, వెండి చక్రాన్ని మళ్లీ ముందుకు, స్టెపినీని డిక్కీలోకి మార్పించాను.

సాయంత్రం ఆచారి నడిపాడు. అహోబిలం రోడ్డు ఎక్కి అరవై దాటించగానే ఆచారి మీసాల మీది రాతిపొడి రాలింది. అబద్ధం కాదు, రాలింది.

"ఏందిది సెట్టీ! మా కటింగు మిషను కూడా ఇంత ఊగదే!"

"కొత్త చెయ్యి కదా, అలవాటు పడాల" అన్నాను.

"చెయ్యి నాదా, కారుదా?" అని మెల్లగా ఆపి, ముందు చెప్పిన ధరలో మూడో వంతు కోసేశాడు. పైగా రోలు కూడా లేదన్నాడు. నేను ఇన్నేళ్లుగా జనానికి చేసినదంతా ఒక్క సాయంత్రంలో నాకు జరిగింది. పొద్దున వచ్చి మాట తేలుస్తామని చెప్పి లాడ్జికి పోయాం.  పద్మ పోగానే కౌంటరులో బస్సు టైములు అడిగింది.

రెండో రోజు: చింతపండు తక్కెడ

పొద్దున్నే పద్మ మల్లెమొగ్గలు, చింతపండు కొనాలని బజారుకు తీసుకుపోయింది. ఒక అవ్వ గోనెపట్ట మీద చింతపండు కుప్ప పోసి, చేతితక్కెడ పట్టుకుని కూర్చుంది. ధర అడిగేముందు నాకొక అలవాటు. నాయన నేర్పింది. ఖాళీ తక్కెడ ఎత్తి చూపించమంటాను.

"నన్నే దొంగంటావా నాయనా?" అంటూ అవ్వ ఖాళీ తక్కెడ ఎత్తింది. ముల్లు సూటిగా నిలబడింది. నేను వంగి కిందికి చూశాను. ఎడమ తట్ట కింద చిన్న గుడ్డలో రాయి కట్టి ఉంది.

"ఇదేందవ్వా?"

"పాసంగమప్పా. ఆ తట్ట తేలిక. అది కట్టకుంటే తక్కెడ ఊగులాడతానే ఉంటాది, యాడ నిలబడతాది?"

పాసంగం అంటే అంతే. తేలికగా ఉన్న పక్కకు ఇంత బరువు కట్టి రెండు పక్కలూ సమం చేయడం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలిసిన సంగతి. మొన్న కరెంటు పోయి అంగట్లో ఎలక్ట్రానిక్ కాటా ఆగినప్పుడు, రమణ మా నాయన పాత తక్కెడ బయటికి తీస్తే, దానికి పాసంగం కట్టింది నేనే. దేనితో కట్టాను? ఇంట్లో ఒక పొట్లంలో చిన్న చిన్న సీసం ముక్కలుంటే, ఊరికే పారేయడమెందుకని...

సీసం ముక్కలు! పెయింటరు దగ్గర నుంచి తెచ్చుకున్న తుక్కు!

చింతపండు వదిలేసి పరుగెత్తాను. "దుడ్లియ్యకుండా యాడికప్పా?" అని అవ్వ అరిచింది. నేనింకా కొనలేదు, అయినా దొంగలాగే పరుగెత్తాను. డిక్కీ తెరిచి స్టెపినీ తిప్పి చూశాను. మాసిన చక్రం అంచున, వేలి గోరంత సీసం ముక్క కరుచుకుని ఉంది. మిగతా నాలుగు చక్రాల చుట్టూ మోకాళ్ల మీద పాకాను. వెండి రంగు, నున్నటి అంచులు. ఒక్క ముక్క లేదు. నాలుగింటికీ ఒకేసారి జబ్బు ఎట్లా వస్తుందన్నాను కదా, నేనే దగ్గరుండి రంగు వేయించి తెప్పించాను! సగం రేటుకు.

అక్కడే రమణకు ఫోను చేశాను.

"ఒరే, నాయన తక్కెడ ఎట్ల ఉంది?"

"బ్రహ్మాండంగా నిలబడతాందన్నా, నువ్వు పాసంగం కట్టినప్పటి నుంచీ. ఏమయింది?"

"ఏం కాలేదు. నా కారు చక్రాల పాసంగమది."

 అవతల రమణ నవ్వు, దాని వెనక అంగట్లో ఉన్న గిరాకీల నవ్వు వినిపించింది. సిగ్గు పడటానికి నాకు తీరిక లేదు.

ఆచారి షెడ్డు: చక్రం చెప్పిన మాట

పంక్చరు అంగట్లో పాత చక్రాల నుంచి ఊడదీసిన సీసం ముక్కలు డబ్బా నిండా ఉన్నాయి. పిడికెడు తీసుకున్నాను. అతను వంద అన్నాడు. వంద ఇచ్చేశాను. పద్మ నా వైపు వింతగా చూసింది.

షెడ్డులో కారు ముందు పక్క జాకీతో ఎత్తాను. మా పాతబండికి ఇంజను లాగుడు వెనక చక్రాలకే పోతుంది, కాబట్టి ముందు చక్రం లేపితే తేలిగ్గా తిరుగుతుంది. మెల్లగా తిప్పి వదిలాను. తిరిగి, వెనక్కొచ్చి, ఒక చోట ఆగింది. అడుగున ఉన్న చోట సుద్దతో గుర్తు పెట్టి మళ్లీ వదిలాను. సుద్ద గుర్తు మళ్లీ అడుగుకే వచ్చి ఆగింది. ఇంకోసారి. మళ్లీ అక్కడే!

"బరువు ఆడుంది ఆచారీ! బరువు తట్ట కిందికి దిగినట్టు దిగుతాంది. దానికి ఎదురుగా పైన పాసంగం కట్టాల!"

ఉలులు ఆగిపోయాయి. షెడ్డులో పనివాళ్లంతా చక్రం చుట్టూ చేరారు. టేపుతో పైన ఒక సీసం ముక్క అంటించి వదిలాను. ఇంకా కిందికే వచ్చింది, కానీ బద్ధకంగా. ఇంకొకటి అంటించాను. ఈసారి చక్రం ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. పైన వదిలితే పైన, పక్కన వదిలితే పక్కన! ఆచారి తానే వచ్చి వేలితో తిప్పి వదిలాడు. చిన్నపిల్లవాడి మాదిరి మళ్లీ తిప్పాడు.

"రెండోది కూడా ఎక్కించు సెట్టీ, బేగా!" అన్నాడు. కొనేవాడు తానన్న సంగతి మర్చిపోయాడు. వెనక చక్రాలను కూడా ఒక్కొక్కటిగా ముందుకు తెచ్చి బిగించి, అదే తక్కెడలో తూచాను. ముక్కల్ని సుత్తితో అంచుకు కరిపించింది ఆచారి. రాయి కొట్టే చెయ్యి కదా, ఒక్క దెబ్బ ఎక్కువ పడలేదు.

ముగ్గురం బయలుదేరాం. ఆచారి నడుపుతున్నాడు, నేను పక్కన, పద్మ వెనక. అరవై. అరవై ఐదు. డెబ్బై! స్టీరింగు అవ్వ తక్కెడ ముల్లు మాదిరి నిలబడింది. నా గుండె మాత్రం ఎనభైలో ఉంది. ఆచారి చేతులు కాస్త ఎత్తి చూసి, బండి ఆపకుండానే నిన్నటి ధర ఎత్తేసి మొదటి ధరకు వచ్చాడు. రోలు కలిపాడు. తిరిగొచ్చేసరికి దాని మీద ఇంకొంచెం పెంచాడు. నా జన్మలో నేను అడగకుండా నా ముందర ధర పైకి పాకడం అదే మొదటిసారి. ఒప్పందం ప్రకారం కారు మాదే. కానీ ఆ ధర వింటుంటే నాలుక మీద "సరే" కూర్చుంది. వెనక్కి తిరిగాను.

పద్మ తల ఎత్తలేదు. ఆమె వేళ్లలో దారం ఉంది. పొద్దున కొన్న మొగ్గలు జానెడు మాలయ్యాయి.

"ఇయ్యం" అంది.

"ఏందక్కా, నిన్న అమ్ముతామంటిరి కదా!"

"నిన్న వణుకుతాండె. నిలబడినదాన్ని ఎవరన్నా అమ్ముతారా అన్నా?"

ఆచారి రోలు వైపు, నా వైపు చూసి పకపకా నవ్వాడు. "కారు పోయింది సరే, రోలన్నా కొనుక్కుపో. దీనికి బేరముంది" అన్నాడు. ఆడాను. ఆయన చెప్పినంత సాయంత్రం దాకా కాదు గానీ, టీ రెండుసార్లు వచ్చేదాకా ఆడాను.

మళ్లీ నంద్యాలకు

డిక్కీలో రోలు, మధ్యలో అవ్వ దగ్గర ఆగి కొన్న చింతపండు. శిరివెళ్లలో ఉగ్గాని అక్క చూసి "గోర్లు పెరిగినాయా అన్నా?" అని అరిచింది. నంద్యాలలో తర్వాత నాలుగు చక్రాలూ బ్యాలెన్సింగు మిషను మీద పెట్టించాను. అక్కడక్కడా కొంచెం సవరించారు, అంతే. మీ బండి కూడా అరవై దగ్గర వణికితే ముందు గాలి చూడండి, తర్వాత చక్రం ఊపి చూడండి, మట్టి గీకండి, అంచున సీసం ముక్క ఉందో లేదో చూడండి. వదులేదైనా కనిపిస్తే మాత్రం వెంటనే మెకానిక్కు దగ్గరికి పోండి, నా మాదిరి ఊరు ఊరు తిరగొద్దు.

దారి పొడవునా పద్మ మాల కట్టింది. నల్లమల మీద సాయంత్రం ఎండ పడుతుంటే ముల్లు డెబ్బై దగ్గరుంది, ఆమె దారం ముడులు ఒకదాని పక్కన ఒకటి పడుతున్నాయి. ఒక్క మొగ్గ కింద పడలేదు. ఇంటి ముందు ఆపేసరికి మాల పూర్తయింది. మోచేతితో కొలిచి, కొంత తన కొప్పులో పెట్టుకుని, తక్కింది నా ముందర ఆడించింది.

"బండికి కడతావా? మూర యాభై."

బజారులో ముప్పైకి ఇస్తారు. నేనైతే ఇరవైకి తెస్తాను. మారు మాట లేకుండా యాభై తీసి ఇచ్చాను.

పద్మ నోటు తీసుకోలేదు. నా మొహంలోకి అనుమానంగా చూసింది.

"ఏమయ్యా, మళ్ల ఏమన్నా వణుకుతాందా?"